పదకొండు దగ్గర తొమ్మిది

కనిపిస్తోంది కదా అంటే నేను ఒప్పుకోను, అధ్యక్షులవారూ. మీకు కనిపిస్తోంది, నిజమే. మన భవనంలో అందరికీ కనిపిస్తోంది. అయినా అక్కడ గుంట లేదు.

లేదండీ. ఉందని చెప్పింది నేనే, కాదనను. ర్యాంపు నడిమధ్యలో రెండు అంగుళాల గుంట ఉందని మన భవన సంఘం నిండు సమావేశంలో, కార్లు పెట్టేచోట గోడ మీద సుద్దముక్కతో లెక్క కట్టి మరీ చెప్పాను. ఇప్పుడు లేదని చెప్పడానికి వచ్చాను. రేపు ఉదయం మేస్త్రి దాన్ని పగలగొట్టకూడదు. నా విన్నపం అదొక్కటే.

లోపలికా? వద్దండీ. సోఫా మరీ మెత్తన, లేవడం నాకు కష్టం. ఈ కిటికీ పక్క కుర్చీ చాలు. కాఫీ కూడా వద్దు. మీరు కూర్చోండి. అక్కడ కాదు, కొంచెం ఇటు. ఆఁ. నాకు కాస్త వెలుతురు కావాలి, అంతే.

నేను మీకు రెండు ఫిర్యాదులు ఇచ్చాను, గుర్తుందా? ఒకటి ర్యాంపు గురించి. రెండోది ర్యాంపు దిగాక వీధిలోకి తీసే గేటు గురించి. తీసినప్పుడల్లా అది కీచుమని అరుస్తోంది, కాస్త నూనె వేయించండి అని. గేటుది అలాగే ఉంచండి, అది న్యాయమైన ఫిర్యాదే. ర్యాంపుది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ఏం మారిందంటారా? ర్యాంపు ఏమీ మారలేదు. నా సమీకరణం మారింది.

మీకు తొందర లేకపోతే మొదటినుంచీ చెబుతాను. తరగతి గదిలో నిలబడి బతికినవాణ్ణి, మధ్యలోంచి ఎత్తుకుని చెప్పడం నాకు రాదు.

మా ఆవిడ కాళ్లు పట్టు తప్పి చక్రాల కుర్చీలోకి వచ్చిన సంగతి మీకు తెలుసు. మన వాకిట్లో మూడు మెట్లు. ఆ మూడు మెట్లతో ఆవిడ లోకం ఇంట్లోనే ఆగిపోయింది. ఇద్దరు మనుషుల్ని పెట్టి కుర్చీతో సహా దింపిస్తానన్నాను. బీరువా దింపినట్టు దింపించుకోవడానికి నేనేమీ సామాను కాదంది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో సూపర్వైజరుగా చేసిన మనిషి. గదినిండా ఆపరేటర్లను కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషి. ఆవిడ వద్దంటే ఇక వద్దనే.

ఆవిడ కోరిక కూడా పెద్దదేం కాదు. వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్నావిడ ఉంది చూశారూ, ఆ టైలరమ్మ దుకాణానికి వెళ్లాలి. ఎవరూ తోయకుండా, తనంతట తాను వెళ్లాలి. పూర్వం రోజూ వెళ్లి కూర్చునేది. అక్కడ ఇద్దరూ కలిసి నన్ను ఆడిపోసుకునేవారని నాకు తెలుసు. అయినా ఏనాడూ అడ్డు చెప్పలేదు. మనిషికి మాట్లాడుకోవడానికి ఏదో ఒక విషయం ఉండాలి కదా.

మీరు పూనుకుని ర్యాంపు వేయించారు. ఆ కృతజ్ఞత నాకుంది. కృతజ్ఞత ఉన్నవాడు రెండో వారానికల్లా ఫిర్యాదు పట్టుకుని వస్తాడా అని మీరు అడగలేదు. అడగకపోవడం మీ పెద్దరికం.

ఒక్క నిమిషం...

ఏమీ లేదు. పిట్టగోడ మీద కాకి.

ఏం జరిగేదంటే, ఆవిడ గడప దాటి, రెండు చేతులతో చక్రాలు బిగబట్టుకుని, మెల్లగా దిగేది. నేను ముందుగానే కిందికి వెళ్లి, మురికికాలువ మీద పరిచిన పలక ఉంది చూడండి, దాని అంచున నిలబడేవాణ్ణి. చేతులు చాచుకుని. పొరపాటున చక్రం జారితే పట్టుకోవాలి కదా.

సగం దాకా వచ్చేది. గోడ మీద కరెంటు మీటరు పెట్టె ఉంది కదా, సరిగ్గా దాని ఎదుట బ్రేకు వేసేది. "ఇవాళ్టికి చాలు" అనేది. నేను పైకెక్కి కుర్చీ వెనక్కి లాగి ఇంట్లోకి తీసుకుపోయేవాణ్ణి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అదే మీటరు పెట్టె, అదే బ్రేకు, "ఇవాళ్టికి చాలు."

మనిషి రోజూ ఒకే చోట ఆగితే ఏమనుకుంటాం? ఆ చోటులో ఏదో దోషం ఉందనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. అనుకుని, తర్వాత కొలిచాను. కొలిచి తర్వాత అనుకోవాలి. అక్కడే చెడింది.

లెక్క చాలా చిన్నదండీ. గోడ మీద రాసినప్పుడు మీరు ఫోనులో ఉన్నారు, అందుకని మళ్లీ చెబుతున్నాను. మన ర్యాంపు అడుగు దూరానికి ఒక అంగుళం చొప్పున లేస్తుంది. నేల మీద దూరం అడుగుల్లో తీసుకుని ఎక్స్ అనుకోండి. ఎత్తు అంగుళాల్లో తీసుకుని వై అనుకోండి. అడుగుకు అంగుళం కనుక వై ఈక్వల్స్ ఎక్స్. అదీ మన గీత.

ఇక ఒక బిందువు ఆ గీత మీద ఉందా లేదా తేల్చడానికి కళ్లు చికిలించి చూడనక్కర్లేదు. నలుగురినీ అడగనక్కర్లేదు. ఆ బిందువు ఎక్స్ తీసుకెళ్లి సమీకరణంలో పెట్టండి. సమీకరణం ఇచ్చిన వై, బిందువు దగ్గరున్న వై ఒకటే అయితే గీత మీద ఉన్నట్టు. కాకపోతే లేనట్టు. అందులో మొహమాటాలు ఉండవు. ఇంకొకళ్ల మాట చెల్లదు. ఇన్నేళ్లూ ఆ పద్ధతి మీద నాకు గౌరవం కలగడానికి కారణం అదే.

టేపు పట్టాను. మీటరు పెట్టె ఎదుట దూరం పదకొండు అడుగులు. మేస్త్రిని పిలిపించి నీళ్ల గొట్టంతో మట్టం చూశాను. ఎత్తు తొమ్మిది అంగుళాలు. పదకొండు పెడితే పదకొండు రావాలి. అక్కడ ఉన్నది తొమ్మిది. రెండు తక్కువ. రెండు అంగుళాల గుంట. సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నాను.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. తెలిసినా నేను చూసిన ప్రకారం చెప్పనివ్వండి.

నేను చెప్పేదాకా ఎవరికీ కనిపించని గుంట, చెప్పగానే అందరికీ కనిపించింది. రెండో అంతస్తు బ్యాంకాయన అక్కడ నడిచి చూసి, అవునండోయ్, మోకాలు ఒక పక్కకు ఒరుగుతోంది అన్నాడు. కార్యదర్శిగారి తల్లి, వాన పడితే అక్కడే నీళ్లు నిలుస్తున్నాయి, నేను రోజూ చూస్తూనే ఉన్నాను అంది. ర్యాంపు వేశాక వాన పడలేదు. మీరు కూడా దిగుతూ దిగుతూ అక్కడ కొంచెం తూలారు. తూలారండీ. నేను చూశాను.

అందరికన్నా మేస్త్రి మంచివాడు. వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. మీరు చెప్పాక నాకూ కనిపిస్తోంది సార్, పొరపాటైపోయింది, మొత్తం పగలగొట్టి మళ్లీ పోస్తాను అన్నాడు. తనది కాని తప్పుకి అంత మర్యాదగా తలవంచినవాణ్ణి నేను చూడలేదు. వాడికి నేను ఒక క్షమాపణ బాకీ. అది వాడికే చెబుతాను, మీకు కాదు.

నిన్న సాయంత్రం వచ్చి పగలగొట్టాల్సిన మేరకు సున్నంతో గుర్తు కూడా పెట్టి వెళ్లాడు. మళ్లీ పోయాలి, నీళ్లు కొడుతూ ఆరనివ్వాలి, అంతదాకా కుర్చీ దాని మీదికి రాకూడదు. వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మా ఆవిడ మళ్లీ నాలుగు గోడల మధ్య. నేను చూడాల్సింది అది. కానీ రెండు అంగుళాలే చూశాను.

తప్పు ఎలా బయటపడిందంటారా? నా లాంఛనమే నన్ను పట్టించింది.

సంఘం దస్త్రాల్లో ఉంచడానికి బొమ్మతో సహా ఒక నివేదిక రాసి ఇద్దామని నిన్న కూర్చున్నాను. మీరు అడగలేదు, తెలుసు. బొమ్మ వేస్తే రెండు చివరలూ చూపించాలి కదా. పై చివర వాకిలి గడప. టేపు ప్రకారం ఇరవై అడుగుల దూరం. ఇరవై పెడితే ఇరవై అంగుళాలు రావాలి. మూడు మెట్లు, మెట్టుకు ఆరు అంగుళాలు. పద్దెనిమిది. అక్కడా రెండు తక్కువ.

అంటే నా లెక్క ప్రకారం గడప కూడా రెండు అంగుళాలు కుంగింది. గడపతో పాటు కింద మా ఇల్లు, పైన మీ ఇల్లు, దాని పైన బ్యాంకాయన. నేను లేచి వెళ్లి గడప చూశాను. కుంగలేదండీ.

అప్పుడు కింది చివరకు వెళ్లాను. కాలువ మీద పలక. రెండడుగుల వెడల్పు, బల్లపరుపుగా ఉంది. ర్యాంపు లేవడం మొదలయ్యేది ఆ పలక దాటాక. నేను టేపు పెట్టింది పలక అవతలి అంచున. ఎందుకక్కడ పెట్టానంటే, రోజూ నేను నిలబడేది అక్కడ. గీత నా కాళ్ల దగ్గర మొదలవుతుందని అనుకున్నాను, అధ్యక్షులవారూ. అంతకుమించి నాకు ఇంకో కారణం దొరకలేదు. రాత్రంతా వెతికాను.

సమీకరణం వై ఈక్వల్స్ ఎక్స్ మైనస్ రెండు. గడప దగ్గర ఇరవైలోంచి రెండు తీసేయండి, పద్దెనిమిది. మీటరు పెట్టె దగ్గర పదకొండులోంచి రెండు తీసేయండి. తొమ్మిది. గీత మీదే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. మేస్త్రి చెయ్యి మంచి చెయ్యి.

ప్రతి గీతా మూలబిందువు గుండానే పోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు అని ఎన్ని తరగతుల్లో చెప్పానో నాకే గుర్తులేదు. ఆ సంగతి మరిచిపోయిన పిల్లలకు సున్నాలు వేశాను. దగ్గరదాకా వచ్చాను కదా సార్, కొంచెమైనా వెయ్యండి అని బతిమాలేవాళ్లు. గీత మీద కొంచెం ఉండడం అంటూ ఉండదు, ఉండాలి లేదా మానాలి అనేవాణ్ణి. వాళ్లెవరూ మన భవనంలో లేకపోవడం నా అదృష్టం.

నవ్వండి, ఫరవాలేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పొద్దున మా ఆవిడ దగ్గరికి వెళ్లి, ర్యాంపులో ఏ లోపమూ లేదోయ్, లెక్క నాదే తప్పు అని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటోంది. తల ఎత్తలేదు.

"నాకు తెలుసు" అంది.

తెలిస్తే చెప్పవేం అన్నాను. "మీరు నన్ను అడగలేదు కదా. వెళ్లి గోడ మీద రాశారు" అంది.

నిజమే. ఆగింది ఆవిడ. ఎందుకు ఆగావని ఆవిడను అడగకుండా, ర్యాంపును అడిగాను. సరే, ఇప్పుడడుగుతున్నాను, రోజూ ఆ మీటరు పెట్టె దగ్గరే ఎందుకు ఆగుతున్నావు అన్నాను.

ఆవిడకు దూరపు చూపు మసక. కళ్లజోడు మార్పించాలి, బయటికి రాలేక అదీ అలాగే ఉండిపోయింది. గడప దగ్గర్నుంచి చూస్తే కింద నిలబడ్డ నేను ఒక తెల్లచొక్కాని. అంతే. అదీ ఆవిడ చెప్పిన మాటే. దిగేకొద్దీ ఆకారం తేటపడుతుందట. చెప్పి, కళ్లజోడు పెట్టుకుని, నన్ను చూసి అంది:

"అక్కడికొచ్చేసరికి మీ మొహం కనిపిస్తుంది మాస్టారూ. ఆ మొహం చూస్తే నేను అప్పటికే పడిపోయినట్టు ఉంటుంది. పడిపోయినదాన్ని ఇంకా చక్రం తిప్పడం ఎందుకని ఆగిపోతాను."

కోపం వచ్చినప్పుడే నన్ను మాస్టారూ అంటుంది. కానీ గొంతులో కోపం లేదు.

నేను పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, అద్దం ముందు చేతులు చాచి నిలబడి చూసుకున్నాను. ఆవిడ అన్నది సబబే.

అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ఇవాళ సాయంత్రం ఆవిడ ఒక్కతే దిగుతుంది. నేను పలక దగ్గర ఉండకూడదు. గడప దగ్గర ఉండకూడదు. ఇంట్లో కూడా ఉండకూడదు, ఉంటే తలుపు సందులోంచి తొంగిచూస్తాను, నా ఊపిరి ఆవిడకు వినిపిస్తుందట. "ఎవరింటికైనా వెళ్లి పెద్దమనిషిలా కూర్చోండి" అంది. ఎవరింటికి అనేది చెప్పలేదు. షరతుల్లో మొదటి అంతస్తు ప్రస్తావన లేదు. నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

అవునండీ. మీ కిటికీ సరిగ్గా ర్యాంపు మీద ఉంది. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఫోను చేసినా సరిపోయేది. ఇక దాచడం ఎందుకు.

వచ్చింది.

మీరు లేవకండి, దయచేసి. ఇద్దరం నిలబడితే మరీ బాగుండదు. గడప దాటింది. ఇస్త్రీ చీర కట్టింది. ఒళ్లో గుడ్డసంచి. టైలరమ్మకు ఏదో పట్టుకెళ్తోంది, నాకు చూపించలేదు. రెండు చేతులూ చక్రాల మీద... దిగుతోంది. సున్నం గుర్తు మీద ఒక చక్రం. ఫరవాలేదు, గుర్తేగా.

చెయ్యి మరీ బిగిస్తోంది. ఎడం పక్క కొంచెం వదలాలి. ఎడం పక్క...

మీటరు పెట్టె.

ఆగింది.

లేదు, నేనేమీ అనడం లేదు. లెక్క మళ్లీ సరిచూసుకుంటున్నాను, అంతే. పదకొండు దగ్గర తొమ్మిది, గీత మీదే ఉంది, ర్యాంపులో దోషం లేదు, కింద నేనూ లేను. మరి ఎందుకాగింది?

తల ఎత్తింది.

పైకి చూస్తోంది, అధ్యక్షులవారూ.

ఇంత ఎత్తుకి ముఖం ఆనదు. బట్టతల ఆని ఉంటుంది. చెయ్యి ఎత్తింది. ఇలా, అడ్డంగా, ఒక్క ఊపు ఊపింది. అది నాకు తెలిసిన సైగే. ఎక్స్చేంజిలో ఆపరేటర్లకు చేసేదట, ఆ లైను తీసెయ్యండి అని.

తీసేశాను. ఇదిగో, కుర్చీ తిప్పేసుకున్నాను. మీ గోడ బాగుంది. ఈ మేకుకు ఏమీ తగిలించలేదేం?

మీరు నాకొక ఉపకారం చెయ్యాలి. వెళ్లి ఆ కిటికీ దగ్గర నిలబడండి. మిమ్మల్ని చూస్తే ఆవిడ ఏమీ అనుకోదు, ఇల్లు మీది. ముఖం మాత్రం మామూలుగా పెట్టుకోండి. అలా కాదు. కూరగాయల బండి ఏమైనా వస్తోందా అని చూస్తున్నట్టు. ఆఁ, అలాగ. అది మీకు ఎంత సులువుగా వచ్చిందో చూశారా? నాకు రాదండీ. ఏళ్ల తరబడి పరీక్ష గదుల్లో ఏ పిల్లవాడికీ ఏమీ తెలియనివ్వని ముఖం ఇది. ఆవిడ కుర్చీ కదిలితే చాలు, నా మాట వినదు.

మీకు ఒక మాట చెబుతాను, ఇది దస్త్రాల్లోకి వెళ్లకూడదు. గుంట లేదని తేలినప్పుడు నేను సంతోషించలేదు. గుంట ఉంటే బాగుండేదనిపించింది. గుంట అయితే సిమెంటుతో పోతుంది. మేస్త్రిని పిలిస్తే పోతుంది. రోజూ ఆవిడ ఒక్కతే దిగుతుంది, నేను రోజూ ఎవరిదో ఒకరి గోడ చూస్తూ కూర్చోవాలి. దానికి మేస్త్రి ఎక్కడున్నాడు?

కదిలిందా? చెప్పకండి. లేదు, చెప్పండి. వద్దు లెండి, మీరు చెబితే మీ ముఖం మారుతుంది.

...

అదిగో. విన్నారా?

గేటు. అబ్బ, ఏం అరిచిందండీ. అటు చివరి ఇంటిదాకా వినిపించి ఉంటుంది.

ఆ గేటు ఫిర్యాదు కూడా చింపేయండి. లేదండీ, ఆలోచించే అంటున్నాను. నూనె వేయించకండి. వెళ్లేటప్పుడు ఒకసారి అరిచింది, వచ్చేటప్పుడు ఇంకోసారి అరవాలి. అంతదాకా నేను ఈ గోడే చూస్తూ కూర్చుంటాను.

కాఫీ ఇందాక వద్దన్నాను. ఇప్పుడు ఇప్పించండి.